హిప్సిడే పక్కన ఒక ప్రశ్నార్థకం

2023 జూన్‌లో మా కాలేజీకి తనిఖీ బృందం వస్తోందని కబురు వచ్చింది. ప్రిన్సిపాల్ గారు డిపార్ట్‌మెంట్ల వారీగా పనులు పంచేశారు. మా జువాలజీ వాళ్లకి మ్యూజియం సర్దే పని పడింది. పురుగుల పెట్టెలు నేను చూస్తానని నేనే అన్నాను. పదిహేనేళ్లుగా అక్కడే పాఠం చెబుతున్నా ఆ పెట్టెలు తెరిచి చూసింది తక్కువ. ప్రాక్టికల్ పరీక్షకి స్పాటర్లు, అంటే పిల్లలు చూసి గుర్తుపట్టాల్సిన నమూనాలు, పెట్టాల్సినప్పుడు రెండు మూడు పెట్టెలు దించడం, అయిపోగానే మళ్లీ బీరువాలో పెట్టెయ్యడం, అంతే.

అద్దం మూత ఉన్న చెక్క పెట్టెలు మొత్తం 40. కొన్నింట్లో కలరా ఉండలు ఎప్పుడో కరిగిపోయాయి. రెండు పెట్టెల్లో మ్యూజియం పురుగు పడి, గుండుసూదుల కింద పొడి మాత్రం మిగిలింది. కాకినాడ గాలిలో ఉప్పుకి సగం సూదులు పచ్చగా తుప్పు పట్టాయి. 17వ పెట్టె మాత్రం చక్కగా ఉంది. అందులో 11 మాత్‌లు. ముందు రెక్కలు మట్టిరంగు, వాటి మొదట్లో నారింజరంగు మచ్చ, ఆ మచ్చలో నల్ల చుక్కలు. వెనక రెక్కలు పసుపు, వాటి మీదా నల్ల చుక్కలే. యాభై ఏళ్లయినా ఆ పసుపు వెలవలేదు.

మాత్ అని ఇంగ్లిష్ మాటే ఎందుకు వాడుతున్నానంటే, చిమ్మట అంటే మా వైపు కొందరికి రాత్రంతా అరిచే పురుగు, కొందరికి పట్టుచీరలు కొరికే పురుగు. దీపపు పురుగు అంటే దీపం చుట్టూ తిరిగేవన్నీ అందులోకే వస్తాయి. క్లాసులో పిల్లలు కూడా మాత్ అనే అంటారు.

ప్రతి సూదికీ రెండు కాగితం ముక్కలు గుచ్చి ఉన్నాయి. పై దాని మీద ఊరు, తేదీ. కింద దాని మీద నీలం సిరాతో పురుగు పేరు, కుటుంబం పేరు. కుటుంబం దగ్గర ‘హిప్సిడే’ అని రాసి, పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టి ఉంది. 11 సూదులకీ అలాగే. ఆ గుర్తు నాకు కనిపించింది గానీ, దాని గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. పాత చేతిరాత ముక్కలన్నీ తీసేసి, అన్నిటికీ ఒకే సైజులో కంప్యూటర్ ప్రింటు లేబుళ్లు పెడితే చూడముచ్చటగా ఉంటుందనుకున్నాను. మా సిలబస్ పుస్తకంలో ఈ మాత్ నాక్టుయిడే కుటుంబం కింద ఉంది. అదే చూసి ప్రింటు తీశాను.

మూడు సూదుల నుంచి పాత ముక్కలు లాగేసి ఒక కాగితం కప్పులో వేశాను. ఈలోగా ఫోన్ వచ్చి స్టాఫ్ రూమ్‌కి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి బల్ల తుడిచేసి ఉంది. కప్పు లేదు. తుడిచిన మనిషి తప్పేమీ లేదు, టీ తాగి పడేసే కప్పులు అలాగే ఉంటాయి. చెత్తకుప్పలో వెతికాం. అప్పటికే వర్షం పడి అంతా ముద్దయిపోయింది.

సరేలే, అంతకంటే మంచి లేబుళ్లు ప్రింటు తీశాను కదా అని సర్దుకున్నాను. ఆ మాట ఇప్పుడు రాయడానికి కూడా కష్టంగానే ఉంది.

మర్నాడు మూడో సంవత్సరం అమ్మాయి ఒకతి సాయానికి వచ్చింది. కొత్త లేబుల్ చూసి, “మేడమ్, ఇది ఎరిబిడే కదా? నాక్టుయిడే అని ఉందేంటి?” అంది. ఫోన్‌లో, జీవుల్ని గుర్తుపట్టడానికి వాడే ఐనాచురలిస్ట్ యాప్ తెరిచి చూపించింది. ఆసోటా కారికే, కుటుంబం ఎరిబిడే. మాత్స్ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌లోనూ అదే. నా చేతిలోని పుస్తకంలో నాక్టుయిడే, పెట్టెలో హిప్సిడే, ఫోన్‌లో ఎరిబిడే. ఒకే పురుగుకి మూడు ఇంటిపేర్లు. అప్పుడు నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. మూడేళ్ల కిందట ప్రాక్టికల్ పరీక్షలో ఒక అబ్బాయి ఇదే స్పాటర్‌కి ఎరిబిడే అని రాస్తే నేను అరమార్కు కోశాను. వాడు బయట నిలబడి ఏదో చెప్పబోతే వినలేదు కూడా.

ఆ సాయంత్రమే మాస్టారి ఇంటికి వెళ్లాను. ఆ 11 మాత్‌లూ పట్టింది ఆయనే. నేను ఈ కాలేజీలో చేరడానికి చాలా ఏళ్ల ముందే రిటైరయ్యారు. ఇప్పుడు ఎనభై దాటాయి. జగన్నాథపురంలో ఉంటారు. కూర్చోగానే జరిగింది చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు.

“ఊరూ తేదీ లేని మాత్‌ని ఏం చేసుకుంటామమ్మా?” అన్నారు చివరికి. “పేరు ఈవేళ కాకపోతే రేపు ఎవరైనా సరిచేస్తారు. ఊరు ఎవరు చెబుతారు?”

తప్పయిపోయింది మాస్టారూ అన్నాను. ఆయన తిట్టలేదు. లోపలికెళ్లి ఒక నోటుబుక్కు తెచ్చి, “మ్యూజియంలో రిజిస్టర్ ఉండాలి, వెతుకు. వివరాలన్నీ అందులో ఎక్కించేవాణ్ణి” అన్నారు. అప్పుడు ఆ ప్రశ్నార్థకం గురించి అడిగాను.

“హాంప్సన్ పుస్తకంలో హిప్సిడే అనే ఉంది. నాకే నమ్మకం కుదరలేదు. ఆముదం మీద దాసరి పురుగు ఉంటుంది చూడు, దాని మాత్ రెక్కా దీని రెక్కా పక్కపక్కన పెట్టి చూశాను. వెనక రెక్కలో సిరలు ఒకేలా పోతున్నాయి. మరి రెండూ వేరే కుటుంబాలు ఎలా అవుతాయి? అందుకని పెట్టాను ఆ గుర్తు.”

ఆయన అది మొదటిసారి పెట్టింది 1968లో. ఆ ప్రశ్నకి జవాబు రావడానికి ఇంకో నాలుగు దశాబ్దాలు పట్టింది. నేను చెత్తలో కలిపింది ఆ ప్రశ్నని కూడా. ఇంటికి వెళ్లే దారంతా నా మనసులో అదే తిరిగింది.

ఆ తర్వాత మూడు వారాలు, క్లాసులు కాగానే ఈ పేర్ల కథ మొదటినుంచీ చదివాను. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ మాత్‌లలో చాలావాటిని ఫలీనా అనే ఒకే ప్రజాతిలో వేసి, లోపల కొన్ని గుంపులు చేశాడు. వాటిలో ఒకటి నాక్టువా. ఆయన శిష్యుడు, డెన్మార్క్‌కి చెందిన ఫాబ్రీషియస్ 1775లో మన మాత్‌ని నాక్టువా కారికే అని వర్ణించాడు. కారికా అంటే లాటిన్‌లో అత్తిపండు. దీని గొంగళిపురుగులు ఎక్కువగా మేడి, బొమ్మమేడి, రావి జాతి చెట్ల ఆకులు తింటాయి కాబట్టి పేరు అతికినట్టు సరిపోయింది. అదే పుస్తకంలో దీని దగ్గరి చుట్టానికి ఫైకస్ అని పేరు పెట్టాడు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఫాబ్రీషియస్ వర్ణించిన దక్షిణ భారత పురుగులు చాలావాటిని ఆయనకి పంపింది కోనిగ్ అనే వైద్యుడు. ఆయనా లిన్నేయస్ శిష్యుడే. 1768లో తమిళ తీరంలోని తరంగంబాడి వచ్చి, ఈ తీరమంతా మొక్కలూ పురుగులూ ఏరుతూ తిరిగి, 1785లో మా కాకినాడ జగన్నాథపురంలోనే కన్నుమూశాడు. అప్పుడు సామర్లకోటలో ఉన్న రాక్స్‌బర్గ్ అనే వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త ఆయనకి చివరి రోజుల్లో వైద్యం చేశాడు. మాస్టారి ఇంటికి వెళ్లేటప్పుడు వంతెన దాటిన ప్రతిసారీ ఇప్పుడు కోనిగ్ గుర్తొస్తాడు. 250 ఏళ్ల కిందట మొదలైన పని మా ఊరి మీదుగానే నడిచిందని నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ పిల్లలకి చెప్పలేదు.

తర్వాత హాంప్సన్. నీలగిరుల్లో టీ తోటలు వేయడానికి వచ్చి, మాత్‌ల మీద ప్రేమ పెంచుకుని లండన్ మ్యూజియంలో స్థిరపడ్డ మనిషి. భారతదేశపు మాత్‌ల మీద ఆయన రాసిన నాలుగు సంపుటాలు 1892 నుంచి 1896 దాకా వచ్చాయి. మొదటి సంపుటం చివరి కుటుంబమే హిప్సిడే. రెండో సంపుటంలో పులిచారల మాత్‌ల కుటుంబం ఆర్క్టిడే, ఆ తర్వాత నాక్టుయిడే. మాస్టారి తరం అంతా ఈ పుస్తకాలతోనే పేర్లు కట్టింది. ఇవాళ్టికీ మన దేశంలో మాత్‌లు చూసేవాళ్లు వాటిని తెరవకుండా పని జరగదు.

ఈ గుంపు ఎందుకు ఇటూ అటూ తిరిగిందో అర్థం కావాలంటే ముందు రంగులు చూడాలి. పసుపు, నారింజ, నల్ల చుక్కలు: పక్షులకి ‘నన్ను తినకు’ అని చెప్పే రంగులవి. ఆర్క్టిడే మాత్‌లకీ అవే రంగులు. కాబట్టి చాలామంది వీటిని ఆర్క్టిడేకి చుట్టాలుగానో, అందులో భాగంగానో చూశారు. సిరలూ చెవి నిర్మాణమూ చూసినవాళ్లు వీటిని నాక్టుయిడే వైపు లాగారు. హిప్సిడే పేరు పోయి అగనైడే అయింది, తర్వాత అది అగనైనే అనే ఉపకుటుంబమైంది. బోర్నియో మాత్‌ల మీద జెరెమీ హాలోవే 1988లో తెచ్చిన భాగానికి పెట్టిన శీర్షికలోనే, ఆర్క్టిడేలో పొరపాటున చేరిన నాక్టుయిడే అని వీటి గురించి రాశాడు. మా సిలబస్ పుస్తకం ఆ దశ దగ్గరే ఆగిపోయింది.

2005లో డెన్మార్క్‌కి చెందిన ఫిబిగర్, కెనడాకి చెందిన లాఫోంటెయిన్ కలిసి నాక్టుయిడేని చీల్చి ఎరిబిడే అనే కుటుంబాన్ని నిలబెట్టారు. మరుసటి ఏడాది ఆ ఇద్దరే మళ్లీ ఆలోచించి, ఎరిబిడేతో పాటు ఆర్క్టిడేని కూడా కలిపేసి అన్నిటినీ ఒకే పెద్ద నాక్టుయిడేలోకి తెచ్చారు. మొదట చదివినప్పుడు నాకు విసుగొచ్చింది. ఒక్క ఏడాదిలో మాట మారిస్తే మేం పిల్లలకి ఏం చెప్పాలి అనిపించింది. రెండోసారి చదివినప్పుడు ఆ ఇద్దరి మీద గౌరవం కలిగింది. ఆధారం వచ్చినప్పుడు తాము అచ్చులో చెప్పిన మాటనే పక్కన పెట్టారు. అది చిన్న విషయం కాదు.

2011లో ఫిన్లాండ్‌లోని తుర్కు విశ్వవిద్యాలయానికి చెందిన జాహిరి బృందం 8 జన్యువుల వరసలు పోల్చి చూసింది. ఈ మొత్తం గుంపులో ఆరు కుటుంబాలు తేలాయి. ఎరిబిడే మళ్లీ విడిగా నిలబడింది. ఆర్క్టిడే కుటుంబం హోదా పోయి ఎరిబిడేలో ఆర్క్టినే అనే ఉపకుటుంబమైంది. 2012లో అదే బృందం ఎరిబిడే లోపలి అమరిక మీద పనిచేసింది. అందులో మన అగనైనే, పులిచారల మాత్‌లకి దగ్గరి కొమ్మ మీదే కనిపించింది. అంటే రంగు చూసి చుట్టాలన్న పాతవాళ్లదీ పూర్తిగా తప్పు కాదు, సిరలు చూసి దాసరి పురుగుతో కలపాలన్న మాస్టారిదీ తప్పు కాదు. ముగ్గురూ ఇప్పుడు ఒకే ఎరిబిడేలో ఉన్నారు.

పొలం తెలిసినవాళ్లకి ఇలా చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. వేరుశనగని ఊడ్చేసే ఎర్ర గొంగళి పురుగు ఆర్క్టిడే అని, ఆముదం దాసరి పురుగు నాక్టుయిడే అని, పొగాకు లద్దెపురుగు కూడా నాక్టుయిడే అని మేం చదువుకున్నాం. ఇప్పుడు ఎర్ర గొంగళీ దాసరీ ఒకే కుటుంబం. దాసరీ లద్దెపురుగూ విడిపోయాయి. నేను ఈ మాట చెప్పినప్పుడు మా క్లాసులో రైతుబిడ్డలు ముగ్గురు నలుగురు ఒక్కసారిగా తలెత్తి చూశారు.

చదివింది నా కళ్లతో చూడాలనిపించింది. సూది లేకుండా పెట్టె అడుగున పడి ఉన్న ఒక విరిగిన రెక్క దొరికింది, ఆసోటాదే. పొలుసుల కింద సిరలు కనిపించవు. అందుకని గాజు పలక మీద రెక్క పెట్టి, బ్రష్‌తో ఒక్క బొట్టు స్పిరిట్ వేశాను. పసుపురంగు ఒక్కసారిగా తడిసి పారదర్శకమైంది. కింద లైట్ వేసిన మైక్రోస్కోపులో, ఆకు ఈనెల్లాగా సిరలు తేలాయి. స్పిరిట్ ఆరిపోయేలోపు అర నిమిషం టైమ్ ఉంటుంది. రెక్క మధ్యలో కోలగా ఒక గది, దాని కింది మూల దగ్గర నుంచి అంచువైపు నాలుగు సిరలు, చెయ్యి చాపి నాలుగు వేళ్లు విడదీసినట్టు. ఆరిపోయింది. మళ్లీ బొట్టు వేశాను. మళ్లీ నాలుగు. తర్వాత లద్దెపురుగు మాత్ రెక్క పెట్టాను. అక్కడ మూడే గట్టిగా ఉన్నాయి. నాలుగోది ఉండాల్సిన చోట, పెన్సిల్ గీత రబ్బరుతో చెరిపితే మిగిలినంత చార మాత్రం ఉంది. దాసరి పురుగు రెక్కలో నాలుగూ స్పష్టంగా ఉన్నాయి. నాక్టుయిడే మాత్‌లన్నిటికీ ఈ గుర్తు ఒకేలా పనిచెయ్యదు, మినహాయింపులు ఉన్నాయి. అయినా 1968లో కరెంటు సరిగ్గా లేని గదిలో, చేతి భూతద్దంతో మాస్టారు చూసింది ఇదే. నేను ఆ అమ్మాయిని పిలిచి చూపించాను. ఆమె చాలాసేపు కన్ను తియ్యలేదు.

రిజిస్టర్ దొరికింది, స్టోర్ రూమ్‌లో పాత జవాబు పత్రాల కట్టల కింద. చెద కొంచెం తిన్నా రాత చదవొచ్చు. పెట్టెలో లేబుళ్లు మిగిలిన ఎనిమిదింటినీ రిజిస్టర్‌తో సరిచూసి పక్కన పెట్టగా, మూడు వివరాలు మిగిలాయి. ఒకటి మారేడుమిల్లి, 1971 అక్టోబర్, పెట్రోమాక్స్ దీపం దగ్గర. ఇది ఫైకస్ జాతి. నేను లేబుల్ తీసేసిన మూడింటిలో ఫైకస్ ఒక్కటే ఉంది. కాబట్టి అది తేలిపోయింది. మిగిలిన రెండూ కారికే. ఒక వివరం సామర్లకోట, కాలువ గట్టు, బొమ్మమేడి మీద, 1968 ఆగస్టు, ఆడది, కాగితంలో గుడ్లు పెట్టింది. ఇంకోటి కాకినాడ, కాలేజీ వరండా, 1974 జూలై. ఆడో మగో రాయలేదు.

ఆశ పుట్టింది. మాత్‌లలో ఆడా మగా తేల్చడానికి ఒక దారి ఉంది. వెనక రెక్క మొదట్లో గట్టి వెంట్రుక ఒకటి ముందుకి పొడుచుకొచ్చి, ముందు రెక్క అడుగున ఉన్న కొక్కెంలో తగులుకుంటుంది. ఎగిరేటప్పుడు రెండు రెక్కలూ కలిసి కదలడానికి అది. మగవాటికి ఆ వెంట్రుక ఒక్కటే, లావుగా ఉంటుంది. ఆడవాటికి రెండు మూడు సన్నటివి ఉంటాయి. రెండింటిలో ఒకటి మగదైతే చాలు, అది కాకినాడది, ఇంకోటి సామర్లకోటది.

మొదటిదాన్ని సూదితో సహా పక్కకి వంచి, కింది నుంచి టార్చి వేసి భూతద్దంలో చూశాను. రెండు వెంట్రుకలు. ఆడది. రెండోదాన్ని తిప్పుతుంటే నా చెయ్యి వణికింది. ఎండిన రెక్క తగిలితే విరిగిపోతుంది. మొదట ఒకటే లావుగా కనిపించింది. ఊపిరి బిగబట్టి టార్చి కొంచెం జరిపాను. ఆ ఒకటి మూడుగా విడిపోయింది. ఇదీ ఆడదే.

ఇంకేం దారి ఉందా అని వారం రోజులు ఆలోచించాను. సూదుల రకం ఒకటే. రెక్కలు పరిచిన తీరూ ఒకటే. మాస్టారికి చూపిస్తే గుర్తుపడతారేమోనని పెట్టె ఆటోలో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను. ఆయన రెండింటినీ చాలాసేపు చూశారు. ఎడమదాన్ని చూపించి, “ఇదే సామర్లకోటది అనిపిస్తోంది” అన్నారు. నేను పెన్ను తీశాను. “రాయకు. అనిపిస్తే రాసేది కాదమ్మా ఇది” అన్నారు.

ప్రింటు తీసిన లేబుళ్లన్నీ పక్కన పడేశాను. ఎనిమిది సూదులకీ మాస్టారి ముక్కలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. ప్రశ్నార్థకం కూడా. వాటి కింద నేను నల్ల సిరాతో రాసిన మూడో ముక్క గుచ్చాను. జాతి పేరు, అగనైనే, ఎరిబిడే, చూసినవారి పేరు, 2023. రేపు ఈ పేరూ మారితే నాలుగో ముక్కకి చోటు ఉండాలని సూది కింద కాస్త ఖాళీ వదిలాను. మారేడుమిల్లిదానికి, వివరాలు రిజిస్టర్ నుంచి తిరిగి రాసినవి అని స్పష్టంగా రాశాను. అరమార్కు కోసిన అబ్బాయి నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఇప్పుడు విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చేస్తున్నాడు. నువ్వు రాసింది కరెక్టేరా, నేనే చూసుకోలేదు అని చెప్పాను. వాడు, “పర్లేదు మేడమ్” అని, వెంటనే ఏ జాతి, ఎక్కడ పట్టింది అని అడగడం మొదలుపెట్టాడు.

చివరికి ఆ రెండు ఆడ మాత్‌లు మిగిలాయి. రెండింటికీ అక్షరం తేడా లేకుండా ఒకే లేబుల్ రాశాను: “సామర్లకోట 1968 లేదా కాకినాడ 1974. అసలు లేబుల్ 2023 జూన్‌లో నా చేతుల్లో పోయింది.” కింద నా పేరు పూర్తిగా రాసి, తేదీ వేసి, సూదికి గుచ్చాను. నాలుగు మూలలా కొత్త కలరా ఉండలు పెట్టి మూత వేశాను.